లెన్సులో బూజు

"లోపలంతా బూజు పట్టిందే, పెద్దాయనా!" అన్నాడు నంజుండయ్య, లెన్సును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

పచ్చి అబద్ధం. ముప్పై ఏళ్ల నాటి జర్మనీ లెన్సు అది. పైన ఇత్తడి వన్నె తగ్గిందే గానీ లోపలి అద్దాలు ఊటనీళ్లలా తేటగా ఉన్నాయి. దీనితో ముఖాలు తీస్తే హిందూపురంలో తన స్టూడియో ముందు పెళ్లికూతుళ్లు బారులు తీరతారని చూడగానే తెలిసిపోయింది. అయితే మాత్రం? కొనడానికి వచ్చినవాడు సరుకు బాగుందని ఎక్కడైనా అంటాడా? చెప్పిన ధరను సగానికి దించాలని పెనుకొండ బస్సు ఎక్కినప్పుడే అనుకున్నాడు. వచ్చినప్పటి నుంచి లెన్సునే తిప్పి తిప్పి చూస్తున్నాడు తప్ప ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు.

ఆ మనిషి గంగాధరప్ప. పెనుకొండలో ముప్పై ఏళ్లు ఫోటోలు తీసి, ఆర్నెల్ల కిందటే స్టూడియో మూసేశాడు. బూజు మాట వినగానే గబుక్కున లేచాడు. తిడతాడేమోనని నంజుండయ్య ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఏమంటివప్పా? బూజు లెన్సులోనే ఉండాదా? బాగా చూసి చెప్పు!"

"ఉండాది. పొగ కమ్మినట్ల ఉండాది. ఇంక దీంట్లో ముఖాలేం కనపడతాయి?"

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "ఏమే! యశోదా! ఇట్ల రా! బూజు లెన్సుకంట! నా కండ్లకు కాదంట!"

వంటింట్లోంచి ఆయన భార్య యశోదమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడిపోయింది.

"షాపు మూసే ముందు ఆర్నెల్లూ కెమెరా నల్లగుడ్డ కింద తల పెడితే ఒక్క ముఖమూ తేటగా కనపడల్యాదప్పా," అన్నాడు గంగాధరప్ప. "నా కండ్లే పోయినాయనుకుంటి. ఉగాది పోయినాక ఆపరేషన్ చేస్తారని డాక్టరు చెప్పినాడంట. కత్తి మాట తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ బూజులో చూసీ చూసీ కండ్లు అలిసిపోయినాయి, అంతే! ఇంక ఆపరేషనూ వద్దు, ఏమీ వద్దు. ఈ పాడు లెన్సు తీసుకపో, ఎంతిస్తే అంతియ్యి. కొత్తది తెచ్చి మళ్లీ షాపు తెరుస్తా!"

అంటూనే కూర్చోబోయి కుర్చీ కోసం గాల్లో తడుముకున్నాడు. కుర్చీ రెండడుగుల అవతల ఉంది.

అప్పుడు చూశాడు నంజుండయ్య ఆ కళ్లను. తన వైపే ఉన్నాయి గానీ తనను చూడటం లేదు.

తల కొట్టేసినట్టయింది. అబద్ధమని చెప్పేస్తే పరువు పోతుంది. చెప్పకపోతే ఈయన ఆపరేషన్ మానేస్తాడు, మిగిలిన ఆ కాస్త చూపూ పోతుంది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. అయినా సగం ధర యశోదమ్మ చేతిలో పెట్టి, లెన్సు సంచిలో వేసుకుని, తలెత్తకుండా బయటపడ్డాడు. ఏం మనిషో!

బస్టాండులో హిందూపురం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నంజుండయ్య మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"ఎక్కితే ఎక్కు, ల్యాకుంటే దిగబ్బా!" అని కసిరాడు కండక్టరు.

దిగాడు. 'థూ, నాదీ ఒక బతుకేనా' అని తనను తాను తిట్టుకుంటూ ఆ ఎండలో మళ్లీ ఆ ఇంటికే నడిచాడు.

యశోదమ్మ అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. లోపల గంగాధరప్ప ఈల వేసుకుంటూ బల్లలూ కుర్చీలూ జరుపుతున్నాడు. నంజుండయ్య సంచి ఆమె ముందు పెట్టాడు. ముఖం చెల్లక నేల చూపులు చూస్తూ అన్నాడు:

"అమ్మా, లెన్సులో బూజు ల్యాదు. నేను చెప్పింది అబద్ధం. ఆయన్ని ఆపరేషన్ మాననీయొద్దు."

"అబద్ధమని నాకు తెలుసు నాయనా. దినమూ దాన్ని తుడిచేది నేనే కదా."

నంజుండయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె నాలుగు తిట్టినా బాగుండేది. "ఎందుకు చెప్పినానంటే అమ్మా..." అని మొదలుపెట్టాడు.

"ఎందుకు చెప్పినావో నాకు తెలీదా?" అంటూ ఆమె లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆపరేషనూ ల్యాదు, ఏమీ ల్యాదు. కంటి నరం ఎండిపోయింది, ఇంక చూపు రాదని డాక్టరు నాకొక్కదానికే చెప్పినాడు. ఆయన తట్టుకోలేడని ఉగాది పేరు చెప్పుకుంటా వస్తాండా. ఆయన ఈల వేసి ఏడాదయింది, విను."

కొంగు ముడి విప్పి, అతను ఇచ్చిన నోట్లు తీసి అతని చేతిలోనే పెట్టి గట్టిగా మూసింది. సంచి కూడా అతని వైపే నెట్టింది.

"వచ్చీ రాంగనే ఆయన కండ్లు కనిపెట్టి, మనసు నొప్పి పడకూడదని నేరమంతా అద్దం మీదికి తోసినావు చూడు, అట్లాంటోని దగ్గర దుడ్లు తీసుకుంటే మాకు అరుగుతాదా నాయనా!"