నోరు విప్పేదాకా

మిగతావాళ్ళు రోజుకి ముప్పై మంది పిల్లల్ని పరీక్షించి వస్తుంటే, పెద్దాయన ఆరుగురి కాగితాలు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఆరేనా?" అంది ప్రాజెక్టు మేడమ్.

"ఆరేనమ్మా."

ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు, ఏ బడిలో పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో సర్వే చెయ్యాలి. రెండేళ్ళయ్యాక మళ్ళీ చేసి, ఎంత మెరుగయ్యారో చూస్తారు. ఆ మొదటి సర్వేకి తీసుకున్న పదిమందిలో తల నెరిసినవాడు ఈయనొక్కడే.

మేడమ్ కాగితాలు తిరగేసింది. ఆరుగురూ పేరా మొత్తం చదివారని ఉంది.

"పక్క బడుల్లో సగం మందికి అక్షరాలే రావు. ఇక్కడ మాత్రం గడగడా చదివేశారా?"

"గడగడా ఏం కాదు. ఒక్కొక్కరు అరగంట దాకా నేలచూపులే. కుర్చీ దిగి కింద కూర్చున్నాను. అప్పుడు చదివారు."

"నిమిషంలో మొదలుపెట్టకపోతే సున్నా వేసి, తర్వాతివాళ్ళని పిలవమన్నాం కదా."

"అన్నారు. నేను వెయ్యను."

ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"చూడండి. మొదట్లో కాస్త తక్కువుంటేనే, మనం చేసిన పని చివర్లో కనిపిస్తుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు."

"మీరు పొడుగ్గా కనబడటానికి పిల్లల్ని గోతిలో నిలబెట్టనమ్మా."

పక్క బల్లల దగ్గరవాళ్ళు తలెత్తి చూశారు. ఆమెకి ఒళ్ళు మండింది.

"రేపట్నుంచి రావద్దు."

"ఇక్కడికి రాను. బడికి వెళ్తాను. ఇంకా ఇరవయ్యారుమంది మిగిలారు."

అన్నంత పనీ చేశాడు. జీతం లేకుండానే తిరిగి ఆ ఇరవయ్యారుమందినీ పూర్తిచేసి, కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

ఆమె కట్ట విప్పకుండానే, మొదటి ఆరు కాగితాలతో పాటు బీరువాలో పడేసింది. పక్క బడుల సగటు తీసి, ఆ బడికీ అదే వేసేసింది.

రెండేళ్ళకి, ఫలితాలు తేల్చడానికి బయటినుంచి ఒక పరిశీలకురాలు వచ్చింది. మూడు రోజులు కాగితాల్లో తల దూర్చి, చివరికి కళ్ళజోడు తీసింది.

"మీ మొదటి సర్వే పనికిరాదండీ. కొత్తమనిషిని చూసి బెదిరి, నిమిషంలో నోరు విప్పని పిల్లలందరికీ సున్నా వేశారు. ఇప్పుడు భయం పోయి చదువుతుంటే, అదంతా మీ ఘనత అంటున్నారు. ఒక్క బడిలోనైనా సరిగ్గా చేసిన కాగితాలున్నాయా?"

లేవంటే ఆ పూటకి గడిచిపోయేది.

మేడమ్ లేచి బీరువా తీసింది.

"ఇవున్నాయి. ఈ బడికి రిపోర్టులో ఉన్న అంకెలు నేను సొంతంగా వేసినవి. నిజమైనవి ఇవి."

ప్రతి కాగితం వెనకా పెద్దాయన చేతిరాత ఉంది. 'ఈ పాప నలభై నిమిషాలు పలకలేదు. తమ్ముడి సంగతి అడిగాక నవ్వింది. ఆపకుండా చదివింది.'

పరిశీలకురాలు ముప్పై రెండూ చదివింది.

"ఈయన్ని పిలిపించండి. సర్వే చేసే మిగతావాళ్ళకి ఈయనే నేర్పాలి."

మేడమ్ స్వయంగా వెళ్ళింది. మెట్ల కింద ఇరుకు వాటా. కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి ఆరునెలలైందండీ."

మేడమ్ తానెందుకు వచ్చిందో చెప్పింది.

"ఆయన ఏ బడిలో పనిచేసేవారమ్మా?" అంది. "పిల్లల దగ్గర అంత ఓపిక..."

"బడిలోనా? ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో చేశారు. నన్ను స్కూల్లో వేశాక నా పక్కన కూర్చుని చదువు మొదలెట్టి, నలభై దాటాక పరీక్షలు రాశారు."

"చిన్నప్పుడు చదువుకోలేదా?"

"చదువుకోనిస్తేగా," అంది కూతురు. "ఏడేళ్ళప్పుడు పరీక్షించడానికి వచ్చినవాళ్ళని చూసి బెదిరి పెదవి కదపలేదని, 'వీడికి చదువు రాదు' అని రాసి బడినుంచి పంపించేసిన పిల్లాడండీ మా నాన్న."