తాతను ఎత్తుకుపోయిన దొరసాని

ఒడెట్ దొరసాని కంబోడియాలో ఓడ దిగేటప్పటికే పుస్తకానికి పేరు పెట్టేసింది. మొదటి మూడు అధ్యాయాలూ ఓడలోనే రాసేసింది. ఇక నిధి దొరకడమే తరువాయి.

ఒంటరి ఆడది, కారడవి, పాత ఖ్మేర్ రాజుల నిధి. అదీ కథ. ఆ ఒంటరి ఆడదాని వెంట నాంపెన్ నుంచి చీనా కూలీలు, వంటవాడు, దుబాసీ ఉక్ థొన్, ఓ మడత మంచం, స్నానానికి తొట్టి బయల్దేరాయి. పుస్తకంలో వీటికి చోటు లేదు.

నిధితోనే తిరిగొస్తానని పారిస్‌లో నలుగురి ముందు గొప్పగా చెప్పి వచ్చింది పాపం. వట్టి చేతులతో వెళితే ఆ నలుగురికీ మొహం ఎలా చూపిస్తుంది?

రోడ్డు పక్క ఊళ్లో లారీ ఆపించి నిధి గురించి అడిగించింది. ఊరంతా ఒక్క గొంతుతో మాకేం తెలీదంది. అని, ఒక్కసారిగా నువాన్ అవ్వ వైపు చూసింది. ఆ ఊళ్లో ఏ పూజైనా అవ్వ చేతి మీదుగానే జరగాలి.

అవ్వ తమలపాకు నములుతూ కూర్చుంది. "ఉంది. కానీ పరాయివాళ్లకి చెప్పకూడదు," అంది. అని వెంటనే చెప్పేసింది. "అడవిలో పాత గుడుంది. అందులో మా నెక్ తా ఉన్నాడు. మేం తాత అంటాం. రాతి మనిషి, నాలుగు చేతులు. మమ్మల్ని కాచేది ఆయనే."

"ఇన్నాళ్లూ ఎవరూ ఎత్తుకుపోలేదా?" దొరసాని అడిగింది.

"ఎవడు ముడతాడమ్మా? మావాడెవడైనా చెయ్యేశాడో, కడుపుబ్బి చస్తాడు. ఆయన భుజం మీద ఎండుటాకు పడితే గాలి వచ్చి తీయాల్సిందే."

"మరి నేను ముట్టుకుంటే?"

"నీకేమవుతుంది? తాత కోపం మనవల మీదేగా. నువ్వేమన్నా మనవరాలివా?"

దొరసాని ఆనందం పట్టలేకపోయింది. మర్నాడే బయల్దేరింది. దారి చూపడానికి అవ్వే ముందు నడిచింది. జలగలు, ముళ్లు, మోకాలి లోతు బురద. అవ్వ నాలుగడుగులకోసారి చెట్టు పట్టుకుని నిలబడేది. "ముసలిది శాపానికి భయపడి వణుకుతోంది," అని దొరసాని రాసుకుంది. నిజానికి వణికినవి మోకాళ్లు.

"వద్దమ్మా, ఊరి దేవుణ్ణి ఎత్తుకుపోతే ఈ జనం దిక్కులేనివాళ్లవుతారు," అని దారి పొడుగునా నస పెట్టాడు థొన్. వాడు అదే గడ్డ మీద పుట్టినవాడు, మనసొప్పలేదు. దొరసాని వినిపించుకుంటేగా.

గుడి సగం కూలింది. తాత మాత్రం చెక్కుచెదరలేదు. పెదవి మీద చిన్న నవ్వు. దొరసాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. ఇంతకు మించిన నిధి ఏముంటుంది?

అవ్వ చతికిలబడి అగరొత్తులు వెలిగించింది. తాత ఎదుట చాలాసేపు గొణుక్కుంది. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది.

"ఏమంటోంది?"

"క్షమించమంటోందమ్మా," అన్నాడు థొన్, తనూ కళ్లు తుడుచుకుంటూ. "దారిలో కుదుపులుంటాయట, కాస్త ఓర్చుకోమంటోంది."

చీనా కూలీలు విగ్రహాన్ని లేపి ఎడ్లబండి ఎక్కించసాగారు. వెంట వచ్చిన ఊరివాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డారు. చేతులకైతే పని లేదు గానీ, నోళ్లు ఊరుకోలేదు.

"ఒరేయ్, ఆ పై చెయ్యి జాగ్రత్త."

"మెడ కింద గడ్డి పెట్టండ్రా. అలా పడేస్తే పట్టేయదూ?"

బండి కూడా వాళ్లదే, గడ్డి కూడా వాళ్లదే. తమ దేవుణ్ణి కొల్లగొడుతుంటే ఇంత మర్యాదగా సాగనంపే జనాన్ని దొరసాని ఎక్కడా చూడలేదు. "పసిపిల్లల్లాంటి జాతి," అని రాసుకుంది.

బండి అడవి దాటి ఊళ్లోకి వచ్చింది. ఇక లారీ ఎక్కించడమే మిగిలింది. లారీకి అడ్డంగా ఇద్దరు జవాన్లు, వాళ్ల ముందు ఓ ఫ్రెంచి దొర. పాత గుళ్ల మీద అజమాయిషీ ఆయనది.

"మదాం, గుడి రాయి ఒక్కటి కదపాలన్నా మా అనుమతి కావాలి. ఉందా?"

దొరసాని తెల్లబోయింది. "మీకెవరు చెప్పారు?"

"ఈ ఊరివాళ్లే. మీరింకా అడవిలోకి వెళ్లకముందే మనిషిని పంపారు."

ఏడ్చింది. అరిచింది. పారిస్‌లో తనకు తెలిసిన పెద్దల పేర్లన్నీ ఏకరువు పెట్టింది. దొర చలించలేదు. విగ్రహాన్ని ఉన్నచోటే దించమన్నాడు.

"తిరిగి గుళ్లో పెట్టించరా?" థొన్ ఆశగా అడిగాడు.

"అది పై కచేరీ తేల్చాలి. తేల్చేదాకా దీన్ని ఎవరూ అంగుళం కదపకూడదు. కదిపితే జైలే."

"ఎప్పటికి తేలుస్తారు దొరా?" అంది అవ్వ వినయంగా.

"తేల్చినప్పుడు."

"మొహం తూర్పుకి పెట్టించండి బాబూ," అంది అవ్వ. పెట్టించారు.

దొరసానిని జవాన్లు లారీ ఎక్కించారు. నిధి పోతే పోయింది, పుస్తకం పోలేదు. తాత శాపం తగిలినట్టు ఆఖరి అధ్యాయం మార్చి రాద్దామని ఆమె దారిలోనే తేల్చుకుంది. శాపాలుంటే పుస్తకాలు ఇంకా బాగా అమ్ముడుపోతాయి.

లారీ కనుమరుగైంది. ఉడికించిన కోడి, అరటిపళ్లు, బియ్యపు సారా పట్టుకుని ఇళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. లారీ ఎక్కకుండా ఉండిపోయిన థొన్ ఏమీ అర్థం కాక వాళ్లవంక చూశాడు.

అవ్వ మోకాళ్లు పట్టుకుని మెల్లగా తాత ఎదుట కూర్చుంది.

"రోడ్డు పడ్డ ఏడాది ఊరంతా అడవి వదిలి ఇక్కడికి లేచొచ్చేశాం, నిన్ను ముట్టుకునే ధైర్యం లేక అక్కడే వదిలేశాం, ఇన్నాళ్లకి నిన్ను ఇంటికి మోసుకొచ్చే పరాయి మనిషి దొరికింది తాతా," అంది.