పక్కకి వాలిన చెయ్యి

"జాగ్రత్త పాపా, మీ అమ్మ చెయ్యి పట్టుకో" అన్నాడు గుహ కాపలాదారు.

"నాకు ఎక్కడం వచ్చు" అంటూ పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

చాచిన చేతిని ఆమె మెల్లగా వెనక్కి తీసుకుని సంచీ సర్దుకుంది. బడికి సెలవు. భర్త ఊళ్ళో లేడు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక పిల్లని వెంటబెట్టుకుని గుహ బొమ్మల పరిశోధన పనికి వచ్చింది. బస్సెక్కింది మొదలు పిల్ల మూతి ముడుచుకునే ఉంది.

"ఎంత పట్టుదలో! అచ్చం మీ పోలికే మేడం" కాపలాదారు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

గుహ గోడ నిండా ఎర్రటి బొమ్మలు. విల్లంబులతో మనుషులు, పరుగెత్తే దుప్పులు. వాటి పైన, ఆమె తలకంటే కాస్త ఎత్తులో ఒక చేతి అచ్చు. వేల ఏళ్ళ కిందట ఎవరో రాతిమీద అరచెయ్యి ఆనిస్తే, చుట్టూ ఎర్రమట్టి నీళ్ళు ఊదారు. చిన్న చెయ్యి. అదీ నిటారుగా లేదు, పక్కకి వాలి ఉంది.

"ఇది ఎవరిది?" పిల్ల అడిగింది.

"అదే గొడవ. నీలాంటి పిల్లదని నేనంటాను. మా ప్రొఫెసర్ గారు ఒప్పుకోరు. వేటగాళ్ళ చోట పిల్లలకేం పని, అంత ఎత్తు వాళ్ళకెలా అందుతుంది అంటారు. చిన్న చేతుల మగాడెవడో పెట్టి ఉంటాడట."

"ఎవరైనా ఎత్తుకున్నారేమో!"

"నేనూ అదే అన్నాను. రుజువేదీ అన్నారు. రేపటి మీటింగులో చూపించలేకపోతే, ఆ మాట మా పుస్తకంలోంచి తీసేస్తారు."

పిల్ల గోడకేసి చూసింది, ఆమెకేసి చూసింది. "అయితే నన్నెత్తు, చూద్దాం."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత వంగి పిల్లని చంకనేసుకుంది. పిల్ల కర్రలా బిగుసుకుపోయింది.

"గోడని తాకకు. అచ్చుకి ఎదురుగా, గాల్లోనే చెయ్యి చాపు."

చాపబోయి పిల్ల ముందుకు ఒరిగింది. పడిపోతానేమోనని రెండో చెయ్యి ఆమె మెడచుట్టూ వేసింది. చాచిన అరచెయ్యి దానంతటదే పక్కకి వాలింది. వేళ్ళూ సరిపోయాయి, ఆ వాలూ సరిపోయింది.

"కదలకు!" ఆమె అరిచింది. "ఫోటో తియ్యండి, త్వరగా!"

కాపలాదారు గబగబా ఆమె సంచీలోంచి కెమెరా తీసి నొక్కాడు.

"చంకలో ఉండి పెట్టిన చెయ్యి ఇది! వేటగాళ్ళ చోటికి పిల్లల్నీ తెచ్చుకున్నారు. ఎత్తుకుని మరీ పెట్టించారు."

"ఎత్తుకుంది వాళ్ళమ్మేనా?"

"అది రాయి చెప్పదు. ఎవరైనా కావచ్చు. గుంపులో పిల్లల్ని అందరూ కలిసి పెంచుకునేవాళ్ళని అంటారు."

"ఎవరైనా అంటే... వాళ్ళకి బరువనిపించదూ?"

"అనిపిస్తుంది. అయినా దించబుద్ధి కాదు."

పిల్ల బిగిసిన కాళ్ళు వదులయ్యాయి. తల మెల్లగా ఆమె భుజం మీదికి చేరింది.

"ఇక దిగుతావా?"

"ఇంకాసేపు అమ్మా!"

ఆ పిల్ల తండ్రిని పెళ్ళి చేసుకున్నాక, ఆమె ఆ పిలుపు వినడం అదే మొదటిసారి.