పై వాటా చప్పుడు

మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి వాయిద్యాల తయారీకి పేరుపడ్డ ఇటలీ ఊరు క్రెమోనాలో, ఒక పనిశాలలో, పైకప్పు మీద ఎవరో కర్రతో తట్టారు.

ఇలారియో పెద్ద వయొలిన్ లాంటి చెల్లో మీద నుంచి కమాను తీశాడు.

"పై వాటాలోకి కొత్తగా దిగిన ముసలావిడ," అంది అతని భార్య టెక్లా, వార్నిష్ కుంచె తుడుస్తూ. "నీ కచేరీ నచ్చినట్టు లేదు."

"ఈ ఊళ్లో ఇల్లు తీసుకుని, వాయిద్యం మోగిందని గొడవా?"

ఆ కొత్త చెల్లోలో ఒక్క స్వరం కుదరడం లేదు. కమాను వేస్తే నిలకడగా పలకదు, దడదడమని గుర్రుమంటుంది. పనివాళ్లు దాన్ని తోడేలంటారు. శనివారం దాన్ని చేయించుకున్న వాద్యకారిణి వస్తుంది. తోడేలుంటే తీసుకోనని ముందే చెప్పింది. ఆవిడ తీసుకోకపోతే పనిశాల మూసెయ్యాలి.

బుధవారం మళ్లీ వాయించాడు. మళ్లీ తట్టింది.

"ఆగు," అంది టెక్లా. "మిగతా స్వరాలకు ఊరుకుంది. తోడేలుకే తట్టింది."

ఇంకోసారి వాయించి చూశాడు. నిజమే.

"అబ్బ, ఏం చెవి," అన్నాడు.

వినీ వినీ అతని చెవులు అలిసిపోయాయి. ఏది మేలో తేలడం లేదు. ఇక పై వాటా ఆవిడ చెవినే నమ్ముకున్నాడు. చెల్లో కడుపులో రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్రను వెంట్రుకవాసి జరిపేవాడు, వాయించేవాడు, పైకి చూసేవాడు. తట్టేది. మళ్లీ జరిపేవాడు.

గురువారం సాయంత్రం ఆ స్వరమే వాయించాడు. పైన చప్పుడు లేదు.

శుక్రవారం చెల్లో మూలన ఉండగా పైన తట్టింది. కాసేపాగి మళ్లీ తట్టింది.

"ఇప్పుడు నేనేం చేశాను తల్లీ," అని నవ్వి ఇలారియో పనిలో పడ్డాడు.

శనివారం వాద్యకారిణి చెల్లో తీసుకెళ్లింది. ఇలారియో బాదం మిఠాయి పొట్లంతో పైకెళ్లాడు.

తలుపు తీసింది ముసలావిడ కూతురు. నల్లబట్టల్లో ఉంది.

"అమ్మ పొద్దున పోయిందండీ."

పొట్లం అతని చేతిలోనే ఉండిపోయింది.

"కింద వాయిద్యాలు చేసేవాణ్నమ్మా. మీ అమ్మగారి చెవి నా పనిశాలను నిలబెట్టింది. ఆ మాట చెబుదామని వచ్చాను."

"అమ్మకు పుట్టుచెవుడండీ."

"మరి ఆ కర్ర చప్పుడు?"

"ఇనప మంచం ఉండుండి దడదడలాడేది. కింద ఎవరో తట్టి తనని పలకరిస్తున్నారనుకుని కర్రతో జవాబిచ్చేది. ఈ ఇంటికొచ్చాక అమ్మ నవ్వింది అప్పుడే. కిందికెళ్లి మీకు కృతజ్ఞతలు చెప్పమని సైగ చేసింది."

కూతురు పొట్లం అందుకుంది.

"నిన్న మీ పలకరింపు రాలేదని, తనే ముందు తట్టింది."