అయిపోతే మోగుతాది

బుధు గొడ్డలి తిరగేసి రెండో దెబ్బ వేసేసరికి సోంబరు మోకాలి చిప్ప పగిలింది. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ మానుకు కట్టేసిన అల్లుడు అరిచిన అరుపుకి మిరియాల తీగల్లోని పిట్టలన్నీ లేచిపోయాయి.

"మావా! తాగేసి కొట్టినాను. సంపాలని కాదు!"

"దుడ్డుకర్రతో నా గుంట తల పగలగొట్టినావు. ముద్దు సేసినావనుకోమంతావేటి?"

తెల్లారగట్ల కూతురు సోనిని డోలీలో రోడ్డు దాకా దింపి, కింద పెద్దాసుపత్రిలో చేర్చి, కాగితం మీద వేలిముద్ర వేసి, వెంటనే కొండెక్కాడు బుధు. అల్లుడి కోసం.

"మాటంటే మాటేరా. గుంట బతికితే కట్లిప్పేత్తాను. పోయిందా, నువ్వూ పోతావు."

"ఓపాలి ఫోన్ సేసి అడుగు మావా!"

"అడగక్కర్లేదు." బుధు ఫోన్ తీసి రాయి మీద పెట్టాడు. "ఆసుపత్రి వెబ్‌సైటు రాసే రవిబాబు సెప్పినాడు. లోపల ఏటయిందని నేను పదిసార్లు అడిగితే, భుజమ్మీద సెయ్యేసి, 'తాతా, మా పేజీ కూడా ఇలా అడుగుతా కూకోదు. పని అప్పగించి, తిరిగి పిలవమని కాల్‌బ్యాక్ ఇచ్చేసి, దాని దారిన అది పోతాది. నీ నంబరు అందులో ఎట్టినాను. అయిపోతే అదే మోగుతాది. అందాకా నీ పని నువ్వు సూసుకో' అన్నాడు. సూసుకుంతన్నాను."

"మోగకపోతే?"

"గుంట అయిపోనేదన్నట్టే, ఉన్నట్టే. మొక్కుకో."

సోంబరు కళ్ళు మూసుకున్నాడు. పగిలిన పెదవులు కదిలాయి. మోగకు తల్లీ, మోగకు. బుధు కూడా కొండదేవతకి అదే మొక్కుకున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చింది.

ఫోన్ మోగింది.

బుధు గొంతులోంచి అడవి జంతువు అరుపు లాంటిది వెలువడింది.

"ఎత్తు మావా! ముందు విను, ముందు..."

గొడ్డలి మెడ మీద దిగింది. మళ్ళీ దిగింది. మూడో వేటుకి మానులో దిగబడి ఊడి రాలేదు. సోంబరు తల రొమ్ము మీదికి వాలిపోయింది. ఆకుల మీద నెత్తురు టపటపా రాలుతోంది.

ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. బుధు నెత్తుటి వేలితో నొక్కి చెవిన పెట్టుకున్నాడు.

"ఆపరేషన్ అయిపోయింది, మీ అమ్మాయి క్షేమం," అంది రికార్డు గొంతు.