వీపు మీద రాత

పీపీఈ కిట్టు తొడిగితే ఎవరు ఎవరో తెలియదు. అందుకే హిందూపురం కరోనా వార్డులో నర్సులు ఒకరి వీపు మీద ఒకరు మార్కరుతో పేరు రాసుకునేవారు. నాగవేణికి రాసేది షమీమ్. కిట్టుకు చిరుగులున్నాయేమో చూసేదీ ఆమే. ఆ షమీమ్ మూడు రోజులుగా చివరి మంచంలో, స్పృహ లేకుండా, వెంటిలేటరు మీద ఉంది. ఆ రాత్రి నాగవేణి ఒంటరిగానే, వీపు మీద పేరు లేకుండానే తొడుక్కుంది.

“నాగవేణమ్మా, రోంత నీళ్లియ్యి,” అన్నాడు కొత్తగా చేరిన తాత.

“నా పేరెట్ల తెలుసు తాతా?”

“వీపు మీద రాసుండాది కదమ్మా. కింద ఇంగా ఏమో ఉండాది... ‘ఈడ చినిగింది, చూస్కో పాపా’ అని.”

పాపా అని పిలిచేది షమీమ్ ఒక్కతే.

భయం కన్నా ముందు ఆత్రం పుట్టింది. నాగవేణి చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. గ్లవుకు తడి సిరా అంటింది. ఇంకాస్త కిందికి జరిపితే, రెండు వేళ్లు లోపలికి దిగాయి.