ఖాళీ కుర్చీ వినికిడి

"మీ ఆయన సెవులకేటీ కాలేదు మేడమ్! రెండు మెషీన్ల హెడ్‌ఫోన్లు మారిపోనాయి. దేనిది దానికే తగిలించాల," అన్నారు వీర్రాజు గారు. వినికిడి పరీక్ష యంత్రాలను సరిచూసేది ఆయనే.

మాకు పెళ్లై నలభై రోజులు. మా వన్ టౌన్ క్లినిక్‌లో నేను చేసిన పరీక్షలోనే మా ఆయన కోటికి చెవుడని వచ్చింది. క్రేన్ నడిపే అతని ఉద్యోగం పోతుందని వారం రోజులుగా ఇద్దరికీ నిద్ర లేదు.

హెడ్‌ఫోన్లు మార్చి, శబ్దం సరిగా వస్తోందో లేదో కొలిచి, రాత్రి తొమ్మిదింటికి వీర్రాజు గారు వెళ్లిపోయారు. కోటిని మళ్లీ అద్దాల గదిలో కూర్చోబెట్టాను. నేను పంపే కూత హెడ్‌ఫోన్లలో వినబడితే అతను మీట నొక్కాలి, నొక్కితే నా ముందు పచ్చ లైటు వెలుగుతుంది. ఊపిరికన్నా సన్నని కూతకి కూడా వెలిగింది! నేను ఎగిరి గంతేశాను.

కోటి బయటికొచ్చి నన్నెత్తి గిర్రున తిప్పాడు. నా మోచెయ్యి యంత్రానికి తగిలి ఒక కూత వెళ్లింది.

పచ్చ లైటు వెలిగింది.

అద్దం వెనక కుర్చీ ఖాళీగా ఉంది. మీట కొక్కేనికి వేలాడుతోంది.

కూత పంపకుండా ఆగాను. లైటు వెలగలేదు. అన్నిటికన్నా సన్నని కూత పంపాను. వెంటనే వెలిగింది.

"ఇందాక నొక్కింది నువ్వేనా బావా?"

కోటి పగలబడి నవ్వాడు. "నానేనే! ప్రతీ కూతా ఇన్నాను. అనుమానమైతే రేపు మీట ముట్టను, సెయ్యెత్తి సూపిత్తాను. ఆ కుర్సీలోడూ ఎత్తాడంటే, ఆడికీ ఓ రిపోర్టు రాసీ!"